కాలువ కట్ట మీద రింగు

నీలిమ సైకిలు చక్రం కోటేశ్వరరావు మొక్కజొన్నల మీదికి ఎక్కిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఎదురుగా బస్సు వచ్చింది. ఒక పక్క నిండుగా పారుతున్న కాలువ, ఇంకో పక్క అంచున రాళ్ళు పేర్చి సగం రోడ్డు దాకా ఆరబోసిన గింజలు. ఆమె రాళ్ళ సందులోంచి గింజల వైపు తిప్పి, కాలు ఆనించి నిలబడింది. ఎవరైనా అదే చేస్తారు.

బస్సు పోయాక కోటేశ్వరరావు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమే, కళ్ళు కనపట్టంలా? చెప్పులేసుకుని తిండిగింజల మీద నిలబడతావా?"

"బస్సొచ్చింది మావయ్యా."

"బస్సొస్తే దిగి ఆగాల. గింజలు తొక్కుతారా ఎవరన్నా? బళ్ళో పిల్లకాయలకి అన్నం వండేదానివి, నీక్కూడా చెప్పాల్నా?"

ఆ చివరి మాట ఆమెకు తగిలింది. మొహం చూస్తే తెలిసింది. సైకిలుకు స్టాండు వేసి, చెప్పులు విప్పి, చెదిరిన గింజల్ని అరచేతుల్తో వెనక్కి నెట్టింది. రాళ్ళు దాటి రోడ్డు మీదికి దొర్లినవాటిని కూడా ఏరి పోసింది. చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

కోటేశ్వరరావు చెడ్డవాడు కాదు. ఆ నెలంతా అతని కళ్ళు ఆకాశం మీదే ఉన్నాయి. మార్కెట్ యార్డులో అరుగులన్నీ నిండిపోయాయి. తేమ తగ్గకపోతే గింజల్ని ముట్టుకునేవాడు లేడు. పొలంలో పట్టా పరిచి ఆరబెడితే నాలుగు ఎండలు పట్టేది తారు మీదైతే రెండు ఎండల్లో అయిపోతుంది. అందుకే ఊరు ఊరంతా కాలువ కట్ట రోడ్డు మీద పోసింది. వాహనాలు ఎక్కకుండా గింజల అంచు పొడవునా తలకాయంత రాళ్ళు పేర్చింది. ఏటా చేసే పనే. ఏటా నేను వద్దంటూనే ఉంటాను. వాళ్ళు నవ్వి, నాకు ఇన్ని మొక్కజొన్న పేలాలు ఇచ్చి పంపిస్తారు.

ఈ ఏడు సంగతి వేరు. మెయిన్ రోడ్డు మీద కల్వర్టు కూలడంతో, మాచర్ల వైపు నుంచి మిర్చి టిక్కీలు, అవే పెద్ద గోనె బస్తాలు, వేసుకుని గుంటూరు పోయే లారీలన్నీ మా కట్ట మీదికి మళ్ళాయి. మిగిలిన సగం రోడ్డులో రెండు వైపుల నుంచీ లారీలు, బస్సులు, కూలీల ఆటోలు, వాటి మధ్యలో సైకిళ్ళు, నడిచి పోయేవాళ్ళు. తూముకీ వంతెనకీ మధ్య కాలువ విల్లులా వంగుతుంది. ఆ వంపులో సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి ఎదుటివాళ్ళు కనపడరు. మొదటి వారంలోనే ఒక బైకు కాలువలో పడింది. నడుపుతున్నతను ఈదుకుంటూ గట్టెక్కాడు. రెండోసారి అలా జరుగుతుందని నమ్మకం లేదు.

అప్పుడు నేను రింగు పెట్టాను.

ఊళ్ళో నన్ను టేషన్ మాస్టారంటారు. ఉద్యోగమంతా ఒంటి పట్టాల లైన్లలోనే గడిచింది. నా తొలి రోజుల్లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఒక ఇనుప బంతి ఉండేది. దాన్ని తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద బెత్తపు రింగుకి తగిలించి డ్రైవరుకి అందించేవాళ్ళం. బంతి చేతిలో ఉన్న రైలే ఆ లైన్లోకి వెళ్ళాలి. అవతలి స్టేషన్లో దాన్ని ఇచ్చేశాకే అటు నుంచి ఇంకో రైలు కదలాలి. ఇంత సులువైన ఏర్పాటు మనిషి ప్రాణాన్ని ఎంత గట్టిగా కాపాడుతుందో రాత్రీ పగలూ చూసినవాణ్ణి.

పాత సైకిలు టైరొకటి తెచ్చి దానికి ఎర్రగుడ్డ చుట్టాను. గుడ్డ రమాదేవిది. పేరంటాల్లో పెట్టిన రవికె గుడ్డలు కుట్టించుకోకుండా బీరువాలో దొంతరగా పేర్చి పెట్టేది మా ఆవిడ. ఆమె పోయాక ఆ దొంతరని ఏం చేయాలో నాకు తెలియలేదు. ఒకటైనా పనికొచ్చింది కదా అనుకున్నాను.

తూము దగ్గర ఒకరు, వంతెన దగ్గర ఒకరు కాపలా. రింగు ఉన్నవైపు వాళ్ళు బండ్లు వదలాలి. వరసలో చివరి బండికి రింగు ఇవ్వాలి. అది అవతలికి చేరాక వాళ్ళు వాళ్ళవి వదలాలి. ముందు ఫోన్లతో చేసి చూశాం. కోటేశ్వరరావు ఫోను ఎప్పుడూ బేరగాళ్ళతోనే మోగుతుండేది. రింగు బిజీగా ఉండదు. లారీ డ్రైవర్లు కూడా దానికి అలవాటు పడ్డారు. కొందరు నవ్వుతూ మెళ్ళో వేసుకుపోయేవాళ్ళు.

ఒక ఉదయం పడమర నల్లగా కమ్ముకొచ్చింది. ఊళ్ళోవాళ్ళందరూ గింజలు కుప్పలు చేసే హడావుడిలో ఉన్నారు. తూము దగ్గర నేనొక్కణ్ణే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రింగు నా మోకాలి మీద ఉంది. అటు వంతెన దగ్గర కోటేశ్వరరావు.

నీలిమ వచ్చింది. హ్యాండిలుకి టమాటాల సంచి, వెనక క్యారియర్ మీద ములక్కాయల కట్ట. ఒంటిపూట బడి కాబట్టి పెందలాడే పొయ్యి వెలిగించాలి.

"రింగు ఈడే ఉందా బాబాయ్ గారూ?"

"ఇక్కడే ఉంది. వెళ్ళమ్మా. గాలి ఎదురుగా ఉంది, చూసుకో."

"నేనేం తొక్కను లెండి మావయ్య గింజలు" అంది. నవ్విందే కానీ, అది నవ్వు కాదు. కాళ్ళకి పట్టీలు బిగించే కొత్త చెప్పులున్నాయి.

"ఆ మాట ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"మంచికే చెప్పాడుగా. తప్పు నాదే" అని పెడలు తొక్కింది.

సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ మేము రింగు ఇచ్చేవాళ్ళం కాదు. మా వైపు రింగుంటే వెళ్ళమనేవాళ్ళం, అంతే. గాలికి ఆమె చీర కొంగు వెనక్కి ఎగురుతోంది. పెడలు మీద లేచి నిలబడి తొక్కుతోంది. మెల్లగా తుమ్మల దాకా వెళ్ళింది.

పవన్ ఆటో వచ్చి ఆగింది. మిరపకాయల కోతకు వెళ్ళే ఆడవాళ్ళు లోపల కిక్కిరిసి, వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు.

"ఎవరన్నా ఉన్నారా తాతా నా ఎనకాల?"

వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"నువ్వే చివర. ఇదిగో."

రింగుని అద్దానికి తగిలించుకున్నాడు. "టేషన్ మాస్టారు పచ్చజెండా ఊపాల" అని లోపలి నుంచి ఎవరో ఆడమనిషి అంది. అందరూ నవ్వారు. నేను తువ్వాలు ఊపాను. ఆటో వెళ్ళింది.

ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకున్నాను. కాలువ వంగడం వల్ల తూము దగ్గర నుంచి చూస్తే నీళ్ళ మీదుగా వంతెన కనపడుతుంది. మలుపు మాత్రమే తుమ్మల వెనక దాగి ఉంటుంది. వంతెన మీద ఎర్ర టిక్కీలతో లారీ ఒకటి చాలాసేపటి నుంచి ఆగి ఉంది. హారన్ కొడుతున్నాడు. ఆటో మలుపు దాటి అటు పక్క ఎండలోకి వచ్చింది. దాని ముందు రోడ్డు ఖాళీగా ఉంది.

సైకిలు లేదు.

టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆటో ఆమెను దాటేసి వెళ్ళింది. రింగు ఆటోతో పోయింది. నీలిమ ఇంకా లోపలే ఉంది.

అన్నేళ్ళ ఉద్యోగంలో నేను వదిలిన ఏ రైలూ రెండు స్టేషన్ల నడుమ ముందున్న రైలుని దాటి వెళ్ళలేదు. పట్టాల మీద అది జరగదు. జరగదు కాబట్టే నా తలలోకి ఆ ఆలోచనే రాలేదు. రింగు అవతలికి చేరిందంటే లోపల ఎవరూ లేరని అర్థం. అది పట్టాల మీద. రోడ్డు మీద కాదు.

ఫోన్ తీసి కోటేశ్వరరావుకి కొట్టాను. వేరే కాల్‌లో ఉన్నారంది. మళ్ళీ కొట్టాను. అదే మాట. నీళ్ళకి అటు పక్క పవన్ చెయ్యి బయటికి చాచాడు, కోటేశ్వరరావు చెవి దగ్గర ఫోను అలాగే పెట్టుకుని, రెండో చేత్తో ఎర్ర రింగు అందుకున్నాడు. ఆ ఎరుపు నాకు ఇక్కడికి కనపడింది. లారీ వైపు తిరిగి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

"కోటేశ్వరరావ్! వదలొద్దు! ఒరేయ్ వదలొద్దురా!"

అతన్ని ఒరేయ్ అనడం అదే మొదలు. గాలి ఆ మాటని నా మొహానికే తిప్పి కొట్టింది. లారీ పొగ వదిలి కదిలింది.

పరిగెత్తాను. మోకాళ్ళ సంగతి గుర్తు రాలేదు. కాలువ నీళ్ళు నాకు ఎదురు పారుతుంటే నేను ముందుకు పోతున్నానో లేదో కూడా తెలియలేదు. మొదటి తుమ్మలు దాటగానే నీలిమ కనపడింది. సైకిలు మీద ముందుకి వంగి గాలితో పోట్లాడుతోంది. నేను పిలవకుండా ఉండాల్సింది.

"నీలిమా!"

పేరు మాత్రం వినపడింది. ఆగి, ఒక కాలు కింద పెట్టి వెనక్కి తిరిగింది. నవ్వుతూ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. ఏమిటీ అని.

"లారీ! ముందు చూడు! గింజల మీదికి ఎక్కు!"

ఆమెకు అందలేదు. అప్పుడే మలుపు అవతల హారన్ మోగింది. ఆమె గిరుక్కున తిరిగింది. టిక్కీల ఎర్రటి గుట్ట తుమ్మల మీదుగా ఊగుతూ కనపడింది.

ముందు కాలువ వైపు లాగింది సైకిలుని. అటు రెండు జానల కంకర మట్టి, దాని పక్కన గడ్డి, ఆ తర్వాత ఏటవాలుగా నీళ్ళే. ముందు చక్రం గడ్డి మీద జారింది. బలంగా వెనక్కి లాక్కుంది. టమాటాల సంచి తెగి కాయలు రోడ్డు మీద దొర్లాయి. సైకిలుని అక్కడే వదిలేసి గింజల వైపు పరిగెత్తింది. రాళ్ళ దగ్గరికి వచ్చింది.

అక్కడ ఆగింది.

నాకు ముందు అర్థం కాలేదు. కాలు పట్టుకుందేమో, పడిపోతుందేమో అనుకున్నాను. ఆమె వంగి చెప్పు పట్టీ విప్పుతోంది.

ఎదురుగా లారీ మలుపు తిరుగుతోంది. ఆమె ఒంటికాలి మీద నిలబడి ఒక చెప్పు విప్పింది. దాన్ని చేతిలోకి తీసుకుంది. రెండో కాలికి వంగింది. కొత్త పట్టీ, బిగుతుగా ఉంది. వేళ్ళతో గుంజుతోంది.

"తొక్కు తల్లీ, తొక్కు! ఏం కాదు, తొక్కు!"

నా మాట నాకే వినపడలేదు.

అప్పుడు లారీ పక్కనుంచి పసుపు రంగు దుమ్ములాంటిది లేచింది. ఏమిటో తెలియలేదు. అది దుమ్ము కాదు, మొక్కజొన్న గింజలు. గింజల మధ్యలోంచి బైకొకటి లారీని దాటుకుంటూ దూసుకొస్తోంది. తువ్వాలు ఊపుతున్న చెయ్యి. కోటేశ్వరరావు. తన గింజల మీద తానే బండి నడుపుతున్నాడు. చక్రాలు వాటిని రెండు పక్కలకీ చిమ్ముతున్నాయి. లారీకి ముందుగా వచ్చి రాళ్ళ మీదుగా రోడ్డు మీదికి తిప్పబోయాడు. ముందు చక్రం రాయికి కొట్టుకుంది. బైకు ఒరిగి, మనిషి బోర్లా పడ్డాడు.

"ఎక్కవే! చెప్పులతోనే ఎక్కు! ఎక్కి చావవే!"

కింద పడి కూడా ఆమె మీదే అరిచాడు. నీలిమ ఎగిరి రాళ్ళ అవతల పడింది. ఒక కాలికి చెప్పు ఉంది.

లారీ బ్రేకు పడింది. చిమ్మిన గింజలు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. టైర్లు వాటి మీద పట్టు దొరక్క జారాయి. టిక్కీల గుట్ట ఒక పక్కకి వాలి, ఆగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. సైకిలు విరిగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కాలువ నీళ్ళు మాత్రం పోతున్నాయి.

కోటేశ్వరరావుకి మూరెడు దూరంలో ఉంది లారీ బంపరు. సైకిలు ముందు చక్రం దాని కింద ఎనిమిది అంకెలా మెలి తిరిగింది.

డ్రైవరు దిగాడు. నడివయసు మనిషి. ఎవరి వైపు చూడాలో తెలియక నా వైపు చూశాడు.

"సార్, నాది తప్పేం లేదు సార్. టైరొచ్చింది, పొమ్మన్నాడు, వచ్చా. నా పేరు కాలేబు సార్, మాచర్ల. ఎవర్నన్నా అడగండి, ఇంతవరకు కుక్కని గూడా గుద్దలా."

"నీది కాదయ్యా" అన్నాను. "కూర్చో. నీళ్ళు తాగు."

కోటేశ్వరరావు లేచి కూర్చున్నాడు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. గింజల్లో చీలమండల దాకా దిగబడి నిలబడ్డ నీలిమని చూశాడు. ఆమె చేతిలో చెప్పు అలాగే ఉంది.

"ఏమే, నీకేమన్నా మతి పోయిందా? లారీ మీదికొస్తంటే నుంచోని చెప్పులిప్పుతావా?"

"మీరేగా మావయ్యా అన్నది" అంది ఆమె. కోపంగా కాదు. "తిండిగింజల మీద చెప్పులతో నిలబడతావా అని."

అతను గాయం వైపు చూసుకున్నట్టు తల దించుకున్నాడు. నీలిమ అప్పుడు కూడా వంగి రెండో చెప్పు పట్టీ విప్పసాగింది. వేళ్ళు ఆడటం లేదు. కోటేశ్వరరావు గింజల మీద మోకాళ్ళతో పాకుతూ వెళ్ళి ఆ పట్టీ విప్పాడు. ఆమె "వద్దు మావయ్యా, వద్దు" అంటూనే ఉంది.

"పవన్‌గాడు చెప్పాడు" అన్నాడు నా వైపు తిరక్కుండా. "లారీ పోయినాక, తాపీగా. నీలిమక్క ఎనక తొక్కుకుంటా వస్తందని. ఫోను కాలవలోకి గిరాటేసి బండెక్కినా."

"తప్పు నాది కోటేశ్వరరావ్. రైళ్ళు ఒకదాన్నొకటి దాటిపోవు. ఆ లెక్కే రోడ్డుకీ వేశాను."

"తప్పు ఎవుర్దో తర్వాత మాట్టాడుకుందాం లెండి మాస్టారూ. ముందు ఈ రాళ్ళు తీద్దాం పట్టండి."

పడమర ఉరిమింది. అటు పక్క అతని కుప్పలన్నీ పైన పట్టాలు కప్పకుండా పడి ఉన్నాయి. అది చెప్పాను. వినలేదు. గాయమైన చేత్తోనే మలుపులోని మొదటి రాయి ఎత్తి కాలువ గట్టు దిగువకి విసిరాడు. కాలేబు రెండోది అందుకున్నాడు. ఆటో ఆపేసి పవన్, కూలికి పోయే ఆడవాళ్ళూ వెనక్కి నడిచొచ్చారు. కొందరు రాళ్ళు తీశారు. కొందరు అతను చెప్పకుండానే పట్టాలు కప్పడానికి పరిగెత్తారు. మలుపు పొడవునా గింజల్ని పారలతో వెనక్కి లాగి, ఒక సైకిలూ ఒక మనిషీ పక్కపక్కన ఆగేంత తారు ఖాళీ చేశారు. నీలిమ దొర్లిపోయిన టమాటాలు ఏరుకుంటోంది. ఒక ముసలామె తన సద్దిమూట విప్పి ఆ గుడ్డని సంచిగా కట్టి ఇచ్చింది.

పెద్ద చినుకులు పడ్డాయి. రోడ్డు మీద నల్ల మచ్చలు లేచేంతలో ఆగిపోయాయి. మబ్బు వినుకొండ వైపు జరిగిపోయింది. కోటేశ్వరరావు ఆకాశం వైపు చూడనైనా చూడలేదు. నేను చూశాను.

మర్నాడు పొద్దున మళ్ళీ తూము దగ్గర కూర్చున్నాను. నీలిమ వచ్చింది. సైకిలుకి ముందు చక్రం కొత్తది, మెరుస్తోంది. ఎవరు వేయించారని అడగలేదు. ఆమె వెనకాలే పవన్ ఆటో.

పవన్ అలవాటుగా చెయ్యి చాచాడు. నేను రింగుని నీలిమ భుజానికి తగిలించాను.

"అక్కకా?" అన్నాడు. "అక్క తొక్కుకుంటా పొయ్యేసరికి నా కూలోళ్ళు కునుకు తీస్తారు తాతా."

"నువ్వు ఆమెను దాటి వెళ్ళు, నిదానంగా. నిన్ను ఆపడం లేదు. రింగు మాత్రం అందరికంటే మెల్లగా పోయేవాళ్ళ దగ్గరే ఉంటుంది. రేపు ముసలమ్మ ఎవరన్నా నడిచి వచ్చినా ఆమెకే."

"అయితే అటు లారీలోళ్ళు?"

"ఆగుతారు."

ఆటోలోని ఆడవాళ్ళు ఈసారి పచ్చజెండా అడగలేదు. నీలిమ రింగుని సర్దుకుని, ఒకసారి తడిమి చూసుకుని పెడలు తొక్కింది. ఆ రోజూ గాలి ఎదురే. మెల్లగా వెళ్ళింది. మలుపులో తుమ్మల వెనక్కి పోయింది. పవన్ ఆటో ఆమెను దాటి, ఖాళీ చేతుల్తో అవతలికి చేరింది.

వంతెన మీద వాహనాల వరస పెరుగుతోంది. ఒకటి తర్వాత ఒకటి హారన్లు మొదలయ్యాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తుమ్మల అవతల నుంచి సైకిలు ఇంకా బయటికి రాలేదు. బస్సు డ్రైవరెవరో దిగి కోటేశ్వరరావు మీదికి వెళ్ళాడు. చేతులు తిప్పుతూ ఏదో అంటున్నాడు. మోచేతికి కట్టుతో కోటేశ్వరరావు రోడ్డుకి అడ్డంగా నిలబడే ఉన్నాడు. ఇక్కడి నుంచి చూస్తే నాకు అతను ఒక పక్క నుంచి కనపడుతున్నాడు. మొహం మలుపు వైపు తిప్పి ఉంచాడు.

గాలి అటు నుంచి ఇటే వీస్తోంది. అతని మాట నీళ్ళ మీదుగా స్పష్టంగా వచ్చింది.

"ఎంతసేపు కొట్టినా అంతే. రింగు రాలా. ఆగు."